అప్‌డేట్: ఒకే మనిషి ఇద్దరు యూజర్లుగా ఎందుకు పడుతున్నాడో తేలింది

మెయిన్ సైట్ నుంచి వేరే డొమైన్‌లో ఉన్న షాప్‌కి వెళ్లగానే గూగుల్ అనలిటిక్స్ 4లో (సైట్‌కి వచ్చేవాళ్లను లెక్కించే టూల్) కొత్త యూజర్, కొత్త సెషన్ (ఒక విడత సందర్శన) పడుతున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది.

యూజర్‌ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే కుకీ డొమైన్ దాటదు. అనలిటిక్స్ ట్యాగ్ (సైట్‌లో పెట్టే ట్రాకింగ్ కోడ్) సెట్టింగ్స్‌లో 'కాన్ఫిగర్ యువర్ డొమైన్స్' కింద రెండు డొమైన్లూ చేర్చితే, లింక్ చివర 'అండర్‌స్కోర్ జీఎల్' (_gl) పారామీటర్ వచ్చి, కుకీలో ఉండే క్లయింట్ ఐడీని (ఆ బ్రౌజర్ గుర్తింపు నంబర్) మోసుకెళ్తుంది. అయినా కుదరలేదు: షాప్ సర్వర్‌లోని 301 రీడైరెక్ట్ (ఒక అడ్రస్ నుంచి ఇంకో అడ్రస్‌కి శాశ్వతంగా మళ్లించే రూల్) దాన్ని మధ్యలోనే తీసేస్తోంది. క్వెరీ స్ట్రింగ్‌ని (లింక్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగం) అలాగే పంపేలా రూల్ మార్చాక సరిపోయింది. దయచేసి ముందు అడ్రస్ బార్‌లో ఆ '_gl' చివరిదాకా నిలుస్తోందా చూడండి. 30 నిమిషాల సెషన్ టైమౌట్ (కదలిక లేకపోతే సెషన్ ముగిసే గడువు) జోలికి వెళ్లక్కర్లేదు.

ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడేవాళ్లు మాత్రం ఇంకా ఇద్దరే. లాగిన్ అయ్యాక మీ సైట్ ఇచ్చే యూజర్ ఐడీని అనలిటిక్స్‌కి పంపితేనే ఒక్కరవుతారు. సఫారీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ పెట్టిన కుకీ గడువు 7 రోజులే, వారం దాటి వచ్చినవాళ్లు కొత్తవాళ్లే.