తాత మిద్దె రాయి, దూలాలతో ప్రొద్దుటూరులో కొత్త ఇల్లు కట్టొచ్చా?

పెన్నా ఒడ్డు:
అందరికీ నమస్కారం. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో తాత కట్టిన మిద్దె ఉంది. రెండడుగుల మందం రాతి గోడలు, టేకు దూలాలు, పడసాల మధ్యలో వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత, అదే గవాచి. ఏటా వానలకు పైకప్పు కారుతోంది, మిద్దె మీద చవుడు మన్ను సరిగ్గా పోసేవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు లేరు, అందుకే కూల్చేద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. కానీ మే నెల మధ్యాహ్నాలు ఫ్యాన్ లేకుండా ఆ పడసాలలో నిద్రపోయినవాణ్ని నేను. ఇప్పుడు ప్రొద్దుటూరులో అద్దెకుంటున్న ఇంట్లో రాత్రి పదింటికి కూడా గోడ వేడిగానే ఉంటుంది.

ఊరి బయట 6 సెంట్లు ఉంది, పడమటి వాకిలి, నల్లరేగడి నేల. పాత ఇంటి రాయి, దూలాలు, తలుపులు తెచ్చి ఇక్కడ వాడాలని నా ఆశ. ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లాన్‌లో ముందువైపు రెండంతస్తుల ఎత్తున అద్దం, గవాచి ఉండాల్సిన చోట కూడా బిగించేసిన అద్దం. చూడ్డానికి చాలా బాగుంది. పునాది తవ్విన మన్నుతోనే మట్టి ఇటుకలు చేసుకుంటే ఖర్చు తగ్గుతుందని కూడా విన్నాను. ఇవన్నీ అయ్యే పనులేనా?

అనంతపురం సివిల్:
ముందు మన్ను సంగతి చెప్తా తమ్ముడూ. నల్లరేగడితో ఇటుకలు వద్దే వద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మిషన్‌లో నొక్కి చేసే మట్టి ఇటుకలకు ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమన్ను కావాలి, అందులో 5 శాతం దాకా సిమెంటు కలిపి, 28 రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి. మా అనంతపురం వైపు ఎర్రనేలల్లో ఇది బాగా కుదురుతుంది. నువ్వు లారీల్లో మన్ను తోలించుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. మీకు దగ్గర్లోనే ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి బూడిద ఇటుకల గురించి అడుగు. వాటిని నిలువుగా పేర్చి గోడ మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విస్తారంగా వాడిన ర్యాట్‌ట్రాప్ బాండ్, ఒకటుంది. ఇటుకలు పావు వంతు దాకా తగ్గుతాయి, మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి వేడి తొందరగా లోపలికి రాదు. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో మాత్రం ముందే తేల్చుకోవాలి, తర్వాత గోడ కొట్టడం కష్టం.

పునాది దగ్గర పొదుపు చెయ్యొద్దు. మట్టి పరీక్ష చేయించు, రేగడిలో పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే, కింద ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, అవసరమని ఇంజినీరు అంటే వేయించు.

ఇక రాయి. 6 సెంట్లంటే 2,600 చదరపు అడుగులు, చుట్టూ రెండడుగుల గోడ కడితే గదులు చిన్నవైపోతాయి. పడమటి గోడ ఒక్కటే రాతితో కట్టు, దాని ముందర వసారా దించు. పడమటి ఎండకు ఎదురుగా అంత అద్దం పెడితే తాత రాయి తెచ్చి కూడా ప్రయోజనం ఉండదు.

కడప కోడలు:
గవాచి దగ్గర అద్దం బిగించొద్దన్నా, మేము పడిన బాధ చెప్తున్నా. మా ఇంట్లో అలాగే పెట్టారు, మార్చి నుంచే హాల్లో కూర్చోలేకపోయేవాళ్లం. పాత గవాచి వెలుతురుకే కాదు, పైకి చేరిన వేడిగాలి బయటికి పోవడానికి కూడా. తర్వాత మేము దాన్ని రెండడుగులు పైకి లేపి, నాలుగు పక్కలా జాలీ పెట్టి, పైన కప్పు వేయించాం. ఇప్పుడు రాత్రి కిటికీలు తీస్తే ఇల్లంతా చల్లబడుతుంది. రాతిగోడ పగలు పీల్చిన వేడి రాత్రే వదులుతుంది కాబట్టి ఆ గాలి తప్పనిసరి.

నాపరాళ్లు ఇంట్లో పరుచుకోండి, కాళ్లకు ఎంత హాయో. బయట మెట్లకు మాత్రం నల్ల బండ వద్దు, ఎండలో అడుగు పెట్టలేం. యాసిడ్ పోసి కడగొద్దు, నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది, అది సున్నపురాయి కదా.

పెన్నా ఒడ్డు:
అద్దం తీసేయమని ఈ రోజే చెప్తాను అక్కా. మరి దూలాలు?

బేల్దారి కొడుకు:
మాది బనగానపల్లె, మా నాయన పాత మిద్దెలు చాలా విప్పాడు. జేసీబీ పెట్టకండన్నా, రాళ్ల అంచులు పగిలిపోతాయి. పాత గోడల్లో రాళ్ల మధ్య సిమెంటు కాదు, మట్టే పెట్టి కట్టారు కాబట్టి చేత్తో తీస్తే రాయి శుభ్రంగా వస్తుంది. మూల రాళ్లకు, ద్వారబంధం రాళ్లకు రంగుతో నంబర్లు వేసుకోండి. రెండు ముఖాలనూ పట్టి ఉంచే పొడుగు రాళ్లు ఉంటాయి, వాటిని వేరుగా పెట్టండి. అవి లేకుండా మళ్లీ కడితే గోడ పొట్ట వస్తుంది.

దూలాల కొసలు గోడలో ఉన్న చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, చెదలు ముందు అక్కడే పడతాయి. మెత్తగా దిగితే అంతవరకు కోసెయ్యాలి. వాటి మీద స్లాబు బరువు మాత్రం పెట్టొద్దు, వసారాకు పెంకుల కప్పు వేసి దాని కింద వాడుకోండి. అన్నిటికన్నా ముందు, విప్పకముందే పడసాల ఎత్తు, గవాచి సైజు టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత ఎవర్నడిగినా చెప్పలేరు.