అప్‌డేట్: గాయపడ్డ గద్దల కోసం కేంద్రం, పని ఎంతవరకు వచ్చిందంటే

గాలిపటాల మాంజా దారం తగిలి పడిపోయే గద్దలు, గుడ్లగూబల కోసం హైదరాబాద్‌లో లాభాపేక్ష లేని కేంద్రం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అప్పట్లో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ట్రస్టా, సొసైటీయా అని తర్జనభర్జన పడి చివరికి సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద నడిచే లాభాపేక్ష లేని సంస్థ) రిజిస్టర్ చేయించాం. అది తేలిగ్గానే అయిపోయింది. అసలు టెన్షన్ అనుమతులతోనే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాలిపడి తెచ్చుకున్నా సరే, గద్దను ఇంట్లో ఉంచుకోకూడదు. రెస్క్యూ సెంటర్ నడపాలంటే కేంద్ర జూ అథారిటీ గుర్తింపు కావాలి. అది వచ్చేదాకా మాది ప్రథమ చికిత్స చేసి అటవీ శాఖకు అప్పగించే పని మాత్రమే.

నైలాన్ మాంజాను 2017లోనే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) నిషేధించింది, అయినా సంక్రాంతికి దొరుకుతూనే ఉంది. ఆ దారం ఎక్కువగా కోసేది రెక్క ముందంచున, భుజం నుంచి మణికట్టు దాకా సాగే పలచటి చర్మాన్ని. చూడ్డానికి చిన్న గాటే. కానీ మానేటప్పుడు అది బిగుసుకుపోతే రెక్క పూర్తిగా చాచుకోదు, ఇక ఎగరడం కష్టం. అందుకే దారాన్ని లాగకుండా కత్తెరతో ముక్కలు చేసి తీయాలి. తర్వాత గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో ఉంచాలి. పాలు, పెరుగన్నం మాత్రం పెట్టకండి బాబూ, అది మాంసం తినే పక్షి!

ఇప్పుడు కావలసింది ఎగరడం మళ్లీ అలవాటు చేయడానికి పొడవాటి పంజరం, దానికి స్థలం. ఊరి శివార్లలో లీజుకిచ్చేవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి.