పర్లాకిమిడిలో తిప్పుతున్న ఏనుగు గురించి ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఈమధ్య ఒక ఆడ ఏనుగును మా బజారులో కొట్టు కొట్టుకీ తిప్పి డబ్బులు అడుగుతున్నారు. ముందుకాలికి గొలుసు ఒరుసుకుని పుండు పడితే దానిమీద పసుపు మెత్తారు. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నిలబెడితే పాపం ఒక్కో కాలూ ఎత్తి దించుతూ ఉంటుంది. జనమేమో పిల్లల్ని దాని కడుపు కిందనుంచి దూరించి దండం పెట్టుకుంటున్నారు!

కాగితాలు చూపించమంటే మావటి నవ్వేసి తోలుకుపోయాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి కదా. చిక్కేమిటంటే ఇవాళ ఇక్కడుంటే రేపు పాతపట్నంలో, అంటే ఆంధ్రాలో ఉంటుంది. ఏ రాష్ట్రం డీఎఫ్‌ఓకి (డివిజనల్ అటవీ అధికారికి) రాయాలి? ఇద్దరికీ ఇవ్వొచ్చా? ఒడియాలో రాసిన ఫిర్యాదు నమూనా ఎవరిదగ్గరైనా ఉందా? స్వాధీనం చేసుకుంటే ఏనుగును ఎక్కడ ఉంచుతారు? మావటిని జైలుకి పంపాలని నాకు లేదు, అతని పొట్టా దానిమీదే.

ఇంకో సంగతి. 1960 జంతుహింస నివారణ చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. టీ, సమోసా ఖర్చు! దీన్ని పెంచాలని 2022లో కేంద్రం ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు కూడా అడిగింది. దానిగురించి పార్లమెంటులో అడగమని మా ఎంపీకి సంతకాలతో అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే, సంతకాలతోపాటు ఏమేం జతచేశారో చెప్పండి. ఫొటోలు, వీడియోలు మా దగ్గరున్నాయి.