హోసన్న: మొరా, జేజేలా?

గుంపులోని పెద్దలకు నమస్కారం. మా విచారణ క్వయర్‌లో రెండు వారాలుగా ఒక్క మాట మీద వాదన నడుస్తోంది. (విచారణ అంటే కతోలికుల వాడుకలో పారిష్. మా మీద ఎంక్వైరీ ఏమీ లేదు, కంగారు పడకండి.) దివ్యబలిపూజలో ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అనే పాట ఉంటుంది కదా. అందులో ‘హోసన్న’ రెండుసార్లు వస్తుంది. ఇన్నాళ్లూ ఆ మాట దగ్గరకు రాగానే డ్రమ్స్ పెంచేసి, గొంతు పైస్థాయికి తీసుకెళ్లేవాళ్లం. కొత్తగా చేరిన ఒకాయన, ‘ఆ మాటకు కాపాడమని అర్థం. కాపాడమని మొరపెట్టుకుంటూ ఎవరైనా చప్పట్లు కొడతారా?’ అన్నారు. అంతే, ప్రాక్టీసు ఆగిపోయింది.

అసలు అర్థం ఏమిటి? చివర దీర్ఘం ఉండాలా, వద్దా? హాయిగా తెలుగు చేసేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా? చిన్నప్పుడు నేనైతే ‘ఓ సన్నా’ అని ఎవరినో పిలుస్తున్నారనుకునేదాన్ని.

*

మీరు చిన్నప్పుడు అనుకున్నదాంట్లో తప్పేం లేదండీ. రామన్నా, సోమన్నా అని పిలిచే భాష మనది. చివర ‘న్నా’ వినపడితే చెవి దాన్ని సంబోధన అనే అనుకుంటుంది.

మీ కొత్త సభ్యుడు చెప్పింది నిజమే, కానీ సగమే. మూలం హీబ్రూ. బైబిల్లోని 118వ కీర్తన 25వ వచనంలో ‘హోషీఆ నా’ అని ఉంది. ‘హోషీఆ’ అంటే రక్షించు. ‘నా’ అనేది బతిమాలే ముక్క. తెలుగు బైబిల్లో అక్కడ ‘దయచేసి’ అని పెట్టారు గానీ, నాకైతే ‘కాపాడవూ’, ‘బ్రోవరాదా’ అనేటప్పుడు క్రియ చివర వచ్చే ఆ సాగదీత గుర్తొస్తుంది. యూదులు పర్ణశాలల పండుగలో కొమ్మలు పట్టుకుని ప్రదక్షిణ చేస్తూ ఈ మొర పెట్టుకునేవారు. ఆ పండుగ ఏడో రోజు పేరే ‘హోషానా రబ్బా’. అలా ఏటేటా గుంపుగా అరిచీ అరిచీ, మొర కాస్తా నినాదమైంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. ‘పాహి’ని చూడండి. సంస్కృతంలో అది ‘రక్షించు’ అనే క్రియ, అంతే. మన కీర్తనల్లో ‘పాహి పాహి’ అని పాడేవాళ్లంతా ఆపదలో ఉన్నారా? లేరు. అందులో వేడుకోలు ఉంది, పొగడ్త ఉంది, చనువూ ఉంది. హోసన్న కూడా అలాంటిదే.

సువార్తల నాటికే ఈ మార్పు వచ్చేసిందనడానికి వ్యాకరణమే సాక్ష్యం. మత్తయి 21:9 గ్రీకులో ‘దావీదు కుమారునికి హోసన్న’ అని చతుర్థీ విభక్తి ఉంది. ‘రక్షించు’ అయితే ఎవరిని అని ద్వితీయ రావాలి. ‘కి’ వచ్చిందంటే అది జేజేల మాట: ‘రాజుకు జై’ అన్నట్టు. పాత తెలుగు అనువాదకులు అక్కడ ‘జయము’ అని రాయడం ఊరికే కాదు.

తెలుగు చేసేసుకుందామన్నారు. ‘జయము’ అంటే మొర పోతుంది, ‘కాపాడు’ అంటే జేజేలు పోతాయి. ఈ చిక్కు పాతదే. 383 ప్రాంతంలో పోపు దమాసుకు, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము రాసిన ఒక ఉత్తరమంతా ఈ ఒక్క మాట గురించే. దీన్ని ‘దావీదు ఇంటి విమోచనం’ అని వివరించిన హిలరీ అనే బిషప్పును కూడా అందులో తప్పుపట్టాడు. అదే కాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను అయితే, కొన్ని భాషల్లో అనువాదానికి లొంగని మాటలుంటాయంటూ ఉదాహరణగా హోసన్ననే చూపించాడు. మన ‘అబ్బో’ను ఇంకో భాషలోకి మార్చి చూడండి, ఆయన బాధ అర్థమవుతుంది.

*

పై వివరణ బాగుంది. కానీ విభక్తి సాక్ష్యం మీద అంత బరువు పెట్టకండి. హీబ్రూలో ఇదే క్రియకు కర్మ ‘లె’ అనే ఉపసర్గతో కూడా వస్తుంది. దాన్ని మాటకు మాట గ్రీకులో పెడితే చతుర్థే అవుతుంది. 116వ కీర్తన 6వ వచనంలో ‘నన్ను రక్షించెను’ అన్నచోట ఉన్నది ఆ ‘లె’యే. కాబట్టి ‘దావీదు కుమారుణ్ణి రక్షించు’ అని చదవడానికీ దారి ఉంది.

*

నిజమే, అక్కడ తొందరపడ్డాను. ఒప్పుకుంటున్నాను. అయినా ‘మహోన్నత స్థలాలలో హోసన్న’ అనేదాన్ని ఉత్త మొరగా చదవడం కష్టం. లూకా 19:38లో ఆ మాటే లేదు. దాని బదులు ‘పరలోకంలో సమాధానం, మహోన్నతాల్లో మహిమ’ అని ఉంది. అంటే లూకాకు కూడా అది స్తుతిలాగే వినపడిందనుకుంటాను.

ఇక దీర్ఘం సంగతి. లాటిన్‌లో బరువు నడిమి అక్షరం మీద, గ్రీకులో చివరి దాని మీద. మనం రాసేటప్పుడు ‘హోసన్న’ చాలు, పిలుపుగా పాడేటప్పుడు ‘హోసన్నా’ అవుతుంది. రాముడికి ‘రామా’ ఎలాగో ఇదీ అంతే. ఛందస్సు పిచ్చి ఉన్నవాళ్ల కోసం: ‘హోసన్న’ తగణం, ‘హోసన్నా’ మగణం. మూడూ గురువులే. మరి మన బాణీల్లో ఏం జరుగుతోంది? ‘హో’ని నాలుగు మాత్రలు లాగి, ‘సన్నా’ని అరమాత్రలో మింగేస్తున్నారు. బతిమాలే ముక్క చివర ఉన్న ఆ ‘నా’యే! దాన్ని మింగేస్తే మొర ఎక్కడ వినపడుతుంది? నాకు డ్రమ్స్ కన్నా ఇదే పెద్ద తప్పు.

వీలైతే గ్రెగోరియన్ గానంలో (పాత లాటిన్ చర్చి గానం) 18వ పూజా బాణీలోని ‘సాంక్టుస్’, అంటే ఈ ‘పరిశుద్ధుడు’ పాటే, విని చూడండి. అక్షరానికి దాదాపు ఒక్క స్వరం. దానికి ముందు గురువు (పూజ చేసే ఫాదర్) పాడే కృతజ్ఞతా ప్రార్థన ఏ తీరులో ఉంటుందో, ఆ తీరులోనే ప్రజల గొంతు అందుకుంటుంది. తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే లెంట్) మామూలు రోజులకు పెట్టిన బాణీ అది. మృతుల పూజలోనూ అదే. తపస్సు కాలంలో అల్లెలూయ మానేస్తాం కదా, హోసన్న మాత్రం మానం. శవపేటిక ముందు కూడా పాడతాం. అక్కడ విన్నవాళ్లకు ‘దయచేసి రక్షించు’ అని ఎవరూ వివరించక్కర్లేదు.

అలాగని గట్టిగా పాడకూడదని కాదు. జర్మన్ స్వరకర్త బాఖ్ తన బి మైనర్ పూజా సంగీతంలో ఈ మాటను రెండు బృందాలకు, ఎనిమిది గొంతులకు పంచి మోగించాడు. అది కచేరీలో అదిరిపోతుంది. కానీ పూజలో ఈ పాట గురువూ ప్రజలూ అందరూ కలిసి పాడాల్సినది. క్వయర్ పైస్థాయికి ఎక్కితే వెనక బెంచీల్లో పెద్దవాళ్లు నోరు మూసుకుంటారు. మీ పాత బాణీకి నా అభ్యంతరం అర్థం గురించి కాదు, ఆ ఎత్తు గురించి.

*

అందరికీ ధన్యవాదాలండీ. నిన్న ప్రాక్టీసులో శ్రుతి ఒకటిన్నర మెట్టు దించాం. ‘హో’ని కుదించి, చివరి ‘నా’ని నిలబెట్టి పాడాం. మొదటి హోసన్న మెల్లగా, ‘ప్రభువు పేరట వచ్చువాడు’ తర్వాత వచ్చే రెండోది నిండుగా. మామూలుగా మూల కూర్చుని సెల్‌ఫోన్ చూసుకునే మా కీబోర్డు ఆయన భార్య కూడా గొంతు కలిపింది. కొత్త సభ్యుడు మాత్రం రెండోది కూడా మెల్లగానే ఉండాలంటున్నారు. ఆయనకు ‘పాహి’ ఉదాహరణ చెప్తే కాసేపు ఆలోచించి, ‘అది మెల్లగా పాడితేనే బాగుంటుంది’ అన్నారు. డ్రమ్స్ వాయించే అబ్బాయేమో, ‘మరి నేనేం చెయ్యాలి అక్కా?’ అని అడిగాడు. అదింకా తేలలేదు.