టెర్మినేటర్ మళ్లీ మొదటి నుంచి తీస్తే, ఆర్నాల్డ్ లేకుండా చూస్తారా?

రాత్రి డ్యూటీ:

నా మటుకు నాకు భవిష్యత్తు నుంచి వచ్చే రోబోగా ఆర్నాల్డ్ వద్దు, మొదటి సినిమాలో వాడు చంపడానికి వెతికే సారా కానర్ వద్దు, ఆవిడ కొడుకు జాన్ కానర్ పేరు కూడా వినపడొద్దు. తిట్టేముందు కాస్త వినండి.

అభిమానం లేక కాదు. రెండో భాగం డిగ్రీ హాస్టల్లో వీసీడీలో చూశాను. రెండో డిస్కు నిండా గీతలు. లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టిన విలన్ రోబో టీ-1000 కాలు పుటుక్కున విరిగే చోట బొమ్మ కూడా గడ్డకట్టేది. లుంగీ అంచుతో తుడవడం, మళ్లీ పెట్టడం. అలా ముక్కలు ముక్కలుగా చూసినా గుండె దడ తగ్గలేదు.

తర్వాత వచ్చిన నాలుగూ థియేటర్లోనే చూశాను. 2019 నాటి డార్క్ ఫేట్ దగ్గర మాత్రం మనసు విరిగింది. ఏ పిల్లాడు బతకాలని రెండో భాగమంతా ఊపిరి బిగబట్టామో, ఆ జాన్‌ని గ్వాటెమాలా బీచ్‌లో సినిమా మొదలవుతూనే చంపేశారు. కొత్త కథ చెప్పాలంటే పాతదాన్ని చెరిపేయాలా? కాలప్రయాణం వీళ్ల చేతిలో రబ్బరు ముక్కైపోయింది.

1984 నాటి మొదటి సినిమాకి అయిన ఖర్చు దాదాపు 64 లక్షల డాలర్లు. అందులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇనప అస్థిపంజరం కాదు, టెలిఫోన్ డైరెక్టరీ. అందులో సారా కానర్ అనే పేరున్నవాళ్లని ఆర్నాల్డ్ వరసగా వెతుక్కుంటూ పోతాడు. మొదటి ఇంటి ముందు కారు ఆపుతుంటే చక్రం కింద పిల్లల బొమ్మ లారీ నలుగుతుంది. తలుపు తీసినావిడని పేరు అడుగుతాడు, అవునన్నాక కాలుస్తాడు. కోపం లేదు, పగ లేదు, జాబితాలో ఒక పేరు అయిపోయిందంతే.

నాకు కావాల్సింది అదే. ఒక రాత్రి, ఒక ఊరు, ఎందుకు చంపుతున్నారో తెలియని ఒక మామూలు మనిషి. ఇప్పుడు డైరెక్టరీ అక్కర్లేదు, ఎక్కడున్నామో మన జేబులో ఫోనే చెప్పేస్తుంది.

(నేను చేసేది డేటా సెంటర్లో నైట్ షిఫ్ట్. సినిమాలో మనుషుల మీద తిరగబడే కంప్యూటర్ స్కైనెట్‌లో పనిచేస్తున్నావా అని మా బావమరిది ఎగతాళి. మా మెషీన్లు మనుషుల్ని చంపడం అటుంచండి, ఏసీ ఆగితే ముందు అవే చస్తాయి.)

కోతిబావ:

నూటికి నూరు పాళ్లు కరెక్ట్ అన్నా. ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ చూడు. 2001లో టిమ్ బర్టన్ పాత కథనే మళ్లీ తీశాడు, మేకప్ అదిరింది, సినిమా నిలబడలేదు. 2011లో పేరు అదే ఉంచి కథ ఒక ఇంట్లోంచి మొదలుపెట్టారు. ఆ ఇంటి అటక మీద గుండ్రటి కిటికీ ఉంటుంది కదా, అక్కడ పెరిగిన చింపాంజీ సీజర్‌ని బోనులో పడేశాక గోడ మీద ఆ కిటికీ బొమ్మే గీసుకుంటాడు. ఇక ఎవరూ రారని అర్థమయ్యాక తనే చెరిపేస్తాడు. మాటే లేదు ఆ సీన్లో. సీజర్‌గా చేసిన ఆండీ సెర్కిస్‌కి దండం పెట్టాలి.

లెక్కల మాస్టారు:

మీరిద్దరూ కథ గురించే మాట్లాడుతున్నారు, అసలు గొడవ హక్కులది. మొదటి సినిమా డైరెక్షన్ తనకే ఇవ్వాలని జేమ్స్ కామెరాన్ అప్పట్లో హక్కులు ఒక్క డాలరుకి రాసిచ్చేశాడు. రెండో భాగం తీసిన కరోల్కో కంపెనీ 1995లో దివాలా. నాలుగోది తీసిన హాల్సియన్ కూడా 2009లో అదే దారి. కొన్న ప్రతివాడూ మూడు సినిమాల ప్లాన్‌తో దిగడం, మొదటిదానితోనే చాప చుట్టేయడం. 2009, 2015, 2019 మూడూ అలాంటివే. హక్కులకి అంత డబ్బు పోసినవాడు ఆర్నాల్డ్ లేని పోస్టర్ వేస్తాడా?

పద్మ, ఉప్పల్:

ఆర్నాల్డ్‌ని తీసేయండి, నాకేం అభ్యంతరం లేదు. సారా జోలికొస్తే మాత్రం ఊరుకోను. రెండో భాగంలో పిచ్చాసుపత్రి గదిలో మంచం నిలబెట్టి, దాని కాళ్లు పట్టుకుని పుల్లప్స్ తీస్తుంటుంది చూడండి, ఆవిడ ముఖం కంటే ముందు మనకి కనపడేవి ఆ భుజాలు. మా చిన్నక్క పెళ్లయ్యాక కూడా జిమ్‌కి వెళ్లడానికి కారణం ఆ సీనే. మీరు చెప్పే "మామూలు మనిషి" మళ్లీ ఏ కుర్రాడో అయితే నేను టికెట్ కొనను రాత్రి డ్యూటీ గారూ.

రాత్రి డ్యూటీ:

పద్మ గారూ, కుర్రాడని నేనెక్కడన్నానండీ! మొదటి సినిమాలో సారా కూడా హోటల్లో ఆర్డర్లు కలిపేసి తిట్లు తినే అమ్మాయేగా. అలాంటి ఇంకో అమ్మాయి, వేరే పేరుతో. ఆ భుజాలు రెండో సినిమాకి వస్తాయి.

మాస్టారూ, మీ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే 64 లక్షల సినిమాకి అంత పెద్ద పోస్టర్ అక్కర్లేదేమో. సరే, మూడో వరుసలో టెంపరేచర్ అలారం మోగుతోంది, వెళ్లి చూసొస్తా.