యజమాని పొదుపు, అభిమాని ఓపిక: ఆర్సెనల్ విషయంలో ఒక సందేహం

ప్రశ్న (హనుమకొండ)

మిత్రులకు నమస్కారం. చలికాలంలో రాత్రి ఒకటిన్నరకు మొదలయ్యే లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ మ్యాచ్‌ల కోసం, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా ఫోన్ శబ్దం తగ్గించుకొని మేలుకొనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2003-04లో ఒక్క ఓటమి లేకుండా ఇంగ్లండ్ అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్ గెలిచిన ఈ క్లబ్బు, 2005 ఎఫ్.ఏ. కప్పు (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) తరువాత మరో ట్రోఫీ అందుకోవడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. కొత్త స్టేడియం అప్పు తీరాలని 2011లో ఫాబ్రెగాస్‌ను, నస్రీని, 2012లో వాన్ పెర్సీని అమ్ముకున్నారని అంటారు. ఆ వాన్ పెర్సీయే మరుసటి సీజన్‌లో 26 గోల్స్ కొట్టి మాంచెస్టర్ యునైటెడ్‌కు లీగ్ గెలిపించి పెట్టాడు. భవిష్యత్తు పేరుతో యజమానులు కోరే ఈ ఓపికకు హద్దు ఎక్కడ? సొంత డబ్బు కుమ్మరించే యజమాని దొరకడమే మేలు కాదా?

జవాబు 1 (కాజీపేట)

స్టేడియం విషయంలో యాజమాన్యాన్ని తప్పుపట్టలేమండి. పాత మైదానం హైబరీలో సుమారు 38,000 మందికే చోటుండేది. 2006లో తెరిచిన ఎమిరేట్స్‌లో 60,000 మంది కూర్చోవచ్చు. దాదాపు 39 కోట్ల పౌండ్ల ఆ పనికి ఆలోచన చేసిన నాటికి రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ ఇంకా పోటీ క్లబ్బు చెల్సీని కొననే లేదు. 2003లో ఆయన వచ్చాక ఆటగాళ్ల ధరలు ఎక్కడికో పోయాయి, సరిగ్గా అప్పుడే వీళ్లు చేతులు కట్టేసుకోవలసి వచ్చింది. అది దురదృష్టమే గాని దురాలోచన కాదు.

జవాబు 2 (గోదావరిఖని)

కుమ్మరించే యజమాని గురించి అడిగారు కనుక లీడ్స్ అనే ఇంగ్లండ్ క్లబ్బు సంగతి చెబుతాను. 2001లో యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడిన ఆ క్లబ్బు, పత్తి ఇంటికి రాకముందే ఎనుమాముల వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకున్నట్టుగా, రాబోయే ఏళ్ల టికెట్ల రాబడిని తాకట్టు పెట్టింది. ఛాంపియన్స్ లీగ్‌లో మళ్లీ చోటు దక్కకపోయేసరికి ఫెర్డినాండ్‌తో మొదలుపెట్టి జట్టంతా అమ్ముడుపోయింది; 2004లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2007 నాటికి మూడో అంచెకు జారిపోయింది. అంత దూరం ఎందుకు, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి.నే చూడండి: జీతాలు బకాయి పడి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి, 2023-24లో పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ ఫైనల్ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

జవాబు 3 (జగిత్యాల)

పై ఇద్దరి మాటా ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం చెబుతాను. పొదుపు చేసిన డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. 2014లో, 2015లో ఆర్సెనల్ యజమాని క్రోంకే కంపెనీ సలహా సేవల పేరుతో ఆర్సెనల్ నుంచి ఏటా 30 లక్షల పౌండ్లు తీసుకుంది. క్లబ్బు రాబడితో పోలిస్తే అది చిన్న మొత్తమే. కాని ఇంగ్లండ్‌లోనే ఖరీదైన సీజన్ టికెట్లలో ఒకటి కొనుక్కొని ఓపిక పట్టిన అభిమానికి అది కాలిన చోట కారం చల్లినట్టే. స్టేడియం అప్పు కోసం ఓపిక పట్టమంటే న్యాయమే, ఇలాంటి చెల్లింపులకు కాదు.

అభిమానులే యజమానులైతే ఏం చేస్తారన్నదానికి ఇంగ్లండ్ క్లబ్బు పోర్ట్స్‌మత్‌లో జవాబుంది. 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన ఆ క్లబ్బు 2010లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి, వరుసగా దిగజారి 2013లో నాలుగో అంచెకు చేరింది. అప్పుడు అభిమానుల ట్రస్టు దాన్ని కొని, పాత బాకీలు తీర్చి, ఉన్నంతలోనే జట్టును నడిపి 2017లో నాలుగో అంచె విజేతగా నిలబెట్టింది. అంటే లెక్క తమ చేతిలోకి వచ్చాక అభిమానులు కూడా పిసినారి యజమానుల్లాగానే నడిపారు, అందులో నాకు తప్పేమీ కనిపించదు. అయితే అదే ఏడాది, శతాబ్దం దాటిన తమ మైదానం ఫ్రాటన్ పార్క్ మరమ్మతులకు తమ దగ్గర డబ్బు చాలదని తేలాక, వాళ్లే ఓటు వేసి క్లబ్బును అమెరికా వ్యాపారి మైకేల్ ఐస్నర్‌కు అమ్మేశారు.