బోర్డు మార్చాక వీజీఏలో నలుపు బూడిద రంగుగా వస్తోంది, లెవెల్స్ ఎలా సెట్ చేయాలి?

ప్రశ్న: అన్నలూ, ఒక స్కూలు వాళ్ల త్రీ-ఎల్‌సీడీ ప్రొజెక్టర్ సర్వీసుకి వచ్చింది. మెయిన్ బోర్డు పోతే పాత సెట్‌లోంచి తీసిన బోర్డు వేశాను. స్క్రీన్ మీద రంగు మచ్చలు కనిపించేసరికి ఒరిజినల్ బోర్డు ఈప్రామ్ (సెట్టింగులు దాచే మెమరీ చిప్పు) తీసి దీనికి అతికించాను, మచ్చలు పోయాయి. హెచ్‌డీఎంఐ బొమ్మ బ్రహ్మాండం. వీజీఏ పెడితే మాత్రం నలుపు బూడిదగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో వస్తోంది. ఎక్సెల్ షీటులో లేత పసుపు గడులు తెలుపులో కలిసిపోతున్నాయి. సర్వీస్ మెనూలో ఆర్, జీ, బీ మూడింటికీ ఆఫ్‌సెట్, గెయిన్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ పెట్టి కంటితో చూస్తూ తిప్పేయొచ్చా?

జవాబు: తమ్ముడూ, హెచ్‌డీఎంఐ బాగుందంటే ప్యానెళ్ల (బొమ్మ తయారయ్యే లోపలి ఎల్‌సీడీ పలకలు) జోలికి, గామా (మధ్య ఛాయల వెలుగు) జోలికి పోకు. గొడవంతా ఆ ఈప్రామ్‌తోనే. చాలా మోడళ్లలో ప్యానెల్ డేటా, ఏడీసీ (వీజీఏ అనలాగ్ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చే చిప్పు) విలువలు రెండూ అందులోనే ఉంటాయి. ప్యానెళ్లు పాతవే కాబట్టి మచ్చలు పోయాయి. ఏడీసీ చిప్పు మాత్రం వేరే బోర్డుది, దానికి పాత విలువలు నప్పవు. నువ్వు మార్చడం తప్పేం కాదు, దాని తర్వాత చేయాల్సిన పని మిగిలిపోయిందంతే.

వీజీఏలో నలుపు 0 వోల్టు, తెలుపు 0.7 వోల్టు. నలుపు ఎక్కడ మొదలవ్వాలో ఆఫ్‌సెట్ చూసుకుంటుంది, తెలుపు ఎక్కడ ఆగాలో గెయిన్ చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ 0.7 ఇస్తోందని గ్యారంటీ లేదు. 0.63 ఇచ్చే దానితో గెయిన్ కుదిరిస్తే, రేపు సరైన లెవెల్ ఇచ్చే ఇంకో ల్యాప్‌టాప్ తగిలించగానే తెలుపు మళ్లీ తెగిపోతుంది. కాబట్టి ముందు తెల్ల స్క్రీన్ పెట్టి వీజీఏ 1, 2, 3 పిన్నుల (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) మీద ఆసిలోస్కోప్‌తో కొలువు. స్క్రీన్ రంగు మార్చే నైట్ లైట్ లాంటివన్నీ ఆపెయ్.

ప్రశ్న: కొలిచాను అన్నా. మూడింట్లోనూ 1.4 వస్తోంది! గ్రాఫిక్స్ పోయిందా?

జవాబు: కేబుల్ ప్రొజెక్టర్‌కి తగిలించకుండా కొలిచి ఉంటావు. చివర 75 ఓమ్‌ల లోడ్ లేకపోతే రెట్టింపు చూపిస్తుంది. ప్రొజెక్టర్ లోపలే ఆ లోడ్ ఉంది, తగిలించి కొలువు. దానికి తోడు బయట అలాంటి లోడే ఇంకోటి (టెర్మినేటర్) పెట్టకు, 0.47 దాకా పడిపోతుంది.

లెవెల్ సరిపోయాక సెట్‌ని అరగంట వేడెక్కనివ్వు. మెనూలోని పాత విలువలు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే దేన్నైనా ముట్టుకో. ఆటో కాలిబ్రేషన్ ఉంటే మాన్యువల్‌లో చెప్పిన ప్యాటర్న్ ఇచ్చి దాన్నే వాడు, చేత్తో తిప్పడం కన్నా నయం. లేదంటే గది చీకటి చేసి, నలుపు మీద 5, 10 విలువల పట్టీలు (0 అంటే నలుపు, 255 అంటే పూర్తి వెలుగు) పెట్టి ముందు ఆఫ్‌సెట్. తర్వాత 255 పక్కన 250, 245 పట్టీలతో గెయిన్. ఇక్కడో కిటుకు: బూడిద పట్టీలతో మూడు రంగులూ ఒకేసారి చూస్తే కన్ను మోసపోతుంది. ఒట్టి ఎరుపు పట్టీలు, ఒట్టి ఆకుపచ్చ, ఒట్టి నీలం విడివిడిగా పెట్టి, ఏ రంగుకి ఆ రంగు చివరి పట్టీ కనీకనిపించనట్టు ఉంచు. గెయిన్ కదిపితే నలుపూ కొంచెం కదులుతుంది, అందుకే చివర్లో ఆఫ్‌సెట్ ఇంకోసారి చూడాలి.

ఇంకొకరు: మధ్యలో దూరుతున్నా, మా ఫంక్షన్ హాల్లో సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐలోనే ఇలా వెలిసిపోయినట్టు ఉంటుంది. అదీ ఇదేనా?

జవాబు: కాదు సార్, హెచ్‌డీఎంఐకి ఏడీసీ పనే లేదు. బాక్స్ 16 నుంచి 235 దాకా పంపుతుంటే ప్రొజెక్టర్ 0–255 అనుకుంటోంది, అందుకే నలుపు తేలిపోతోంది. మామూలు మెనూలోనే హెచ్‌డీఎంఐ రేంజ్ అని ఉంటుంది, మార్చి చూడండి. సర్వీస్ మెనూ తెరవొద్దు.

ప్రశ్న: అన్నా, ప్రొజెక్టర్‌కి తగిలించి కొలిస్తే 0.69. ఆటో కాలిబ్రేషన్ ఒప్పుకుంది, ఆకుపచ్చ పోయింది, పసుపు గడులు కనిపిస్తున్నాయి. స్కూల్లో మాత్రం పొడుగు కేబుల్, మధ్యలో స్ప్లిటర్ (ఒక సిగ్నల్‌ని రెండు మూడు చోట్లకి పంచే డబ్బా) ఉన్నాయి. అక్కడ డల్‌గా వస్తే గెయిన్ పెంచనా?

జవాబు: వద్దు. ముందు స్ప్లిటర్ తీసేసి చూడు. అప్పటికీ డల్‌గా ఉంటే యూజర్ మెనూలో కాంట్రాస్ట్ పెంచి ఇచ్చెయ్, కేబుల్ మార్చుకోమని బిల్లు మీద రాయి.